ఇండ్లలో వేడి, చల్లదనము: విద్యుత్తుపై ఒత్తిడిని తగ్గించు మార్గములు

శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతములు చెరువు క్రింది వరిపొలములకును, ద్రాక్షతోటలకును పేరుపడినవి. నేడు వాటి ప్రక్కనే జీనోమ్ వ్యాలీ పరిశోధనాలయములును, క్రొత్త నివాసములును వెలసినవి. పట్టణమును ఆనుకొనియున్న ఇట్టి ఊళ్లలో గీజర్లు, ఏ.సీ.లు నానాటికి పెరుగుచున్నవి. వాటిని ఎట్లు వాడుకొనవలెనో పంచాయతీ సభ్యులు గ్రహించి పదిమందికిని తెలుపుట అవసరము.

విద్యుత్తును ధాన్యమువలె గాదెలో నింపి దాచుకొనుట సులభము కాదు. అడిగిన క్షణముననే ఉత్పత్తి చేసి పంపవలెను. కావున ఎన్ని యూనిట్లు వాడితిమన్నదే గాక, ఏ గంటలో అందరము కలిసి వాడితిమన్నదియు ముఖ్యము. 2024 మే 30వ తేదీన దేశమంతటి గరిష్ఠ వాడకము 2,50,000 మెగావాట్లకు చేరినది. అట్టి కొద్ది గంటల కొరకు అదనపు కేంద్రములను, తీగెలను సిద్ధపరచవలసివచ్చును. ఆ వ్యయము తుదకు ప్రజలపైననే పడును.

ఊరి లెక్క చూతము. 63 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు సుమారు 55 కిలోవాట్ల భారము మోయగలదు. గీజరు ఒక్కటి 2 కిలోవాట్లు తీసికొనును. చలికాలపు ఉదయమున 30 ఇండ్లవారు ఒకేసారి గీజర్లు వేసినచో భారము 60 కిలోవాట్లగును. వోల్టేజి పడిపోవును; ఫ్యూజులు పోవును; ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చును. అప్పుడు గీజరు లేని పేదవాని ఇంటను దీపముండదు, కుళాయికి నీరు రాదు. సగము ఇండ్లవారు ఆరు గంటలకు, తక్కినవారు ఏడు గంటలకు నీళ్లు కాచుకొన్నచో ఖర్చగు యూనిట్లు అవియే, భారము మాత్రము సగమగును. స్థోమత గలవారు సూర్యరశ్మితో నీళ్లు కాచు పరికరమును అమర్చుకొన్న మరింత మేలు.

వేసవిలో పగలెల్ల కాగిన స్లాబు రాత్రి వేడిని వెలిగ్రక్కును. డాబాపై తెల్లసున్నము గాని, ఎండను త్రిప్పికొట్టు తెల్లరంగు గాని పూసినచో ఇల్లు చల్లబడును. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానమునకు ఇదియే మూలము. పడమటి వైపున చెట్టు పెంచుటయు మంచిది. ఏ.సీ.ని 24 డిగ్రీల వద్ద ఉంచవలెను. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది సుమారు 6 శాతము విద్యుత్తు మిగులును. సాధారణ ఫ్యాను 75 వాట్లు తీసికొనగా, బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్ల ప్రాంతముననే తిరుగును. 200 యూనిట్ల లోపు ఉచితమగు గృహజ్యోతి పథకము పొందు కుటుంబములకు ఈ పొదుపు మరింత ముఖ్యము. హద్దు దాటిన నెల బిల్లు కట్టవలసివచ్చును.

పంచాయతీ చేయదగిన పనులు కొన్ని గలవు. మంచినీటి ట్యాంకును రద్దీ లేని పగటివేళ నింపించవలెను. పాఠశాల, పంచాయతీ కార్యాలయముల మిద్దెలకు ముందుగా తెల్లరంగు వేయించి దారి చూపవలెను. ప్రతి ట్రాన్స్‌ఫార్మరు క్రింద ఎన్ని గీజర్లు, ఏ.సీ.లు ఉన్నవో వ్రాసి విద్యుత్ శాఖ ఇంజనీరుకు అందజేయవలెను. ఫ్యూజు పోయినదని మందపు తీగె చుట్టుట ప్రాణాపాయకరము, లైన్‌మన్‌నే పిలువవలెను.

ఈ విషయములను రాబోవు గ్రామసభలో చర్చించి, వీధి వీధికి వేళలు నిర్ణయించుకొనవలసినదిగా సభ్యులకు మనవి చేయుచున్నాము.