మడత ఫోను – గుణదోష విచారము

మా పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులలో కొందఱు ఇటీవల మమ్ము ఒక ప్రశ్న అడుగుచున్నారు. పెద్ద తెర గల ఫోను చేతికిచ్చిన పిల్లలు ఆటలలోను చలనచిత్రములలోను మునిగిపోవుచున్నారు. దానికి బదులు మునుపటి మడత ఫోను వంటి దొకటి కొనియిచ్చిన చాలదా యని వారి ఆలోచన. అవునని గాని కాదని గాని చెప్పుటకు ముందు, ఆ మడత ఫోను దేనికి పనికివచ్చెనో, దేనికి పనికిరాలేదో చూడవలసి యున్నది. తమిళనాట తెలుగు మాటలాడు మనవంటి వారికి ఇందులో ప్రత్యేకముగా ఒక చిక్కు కలదు.

చేతితో పట్టుకొని మాటలాడదగిన సెల్ ఫోనును మోటరోలా సంస్థ ఇంజనీరు మార్టిన్ కూపర్ 1973 ఏప్రిల్ 3వ తేదీన న్యూయార్కు వీథిలో నిలిచి మొదట ప్రయోగించెను. అది కిలోగ్రామునకు మించిన బరువు; ఇటుకరాయిని చెవికి ఆనించుకొన్నట్లే. 1989లో అదే సంస్థ వెలువరించిన మైక్రోటాక్ అను ఫోనునకు మీటలను కప్పు చిన్న రెక్క యుండెను. 1996 జనవరిలో వచ్చిన స్టార్‌టాక్ అంతటితో ఆగక, నడుమ కీలుతో పుస్తకమువలె రెండుగా మడచుకొను ఫోనైనది. దాని బరువు సుమారు 88 గ్రాములే.

మడత వేడుక కొఱకు పెట్టినది కాదు. ఫోనులో వినిపించు భాగము చెవియొద్దను, మాటను గ్రహించు భాగము నోటియొద్దను ఉండవలెను. తిన్నని ఫోనును మిక్కిలి పొట్టిగా చేసినచో రెండవ భాగము చెంపకడనే నిలిచిపోవును. మడత ఫోను జేబులో సగము పొడవు. తెఱచినచో ముఖమునకు సరిపడు పొడవు. మూసియున్నంతసేపు మీటలు లోపల నుండును గనుక, సంచిలో ఒరసికొని తమంతట తామే ఎవరికో ఫోను చేయుట యుండదు. తెరపై గీతలును పడవు.

దీని బలహీనత కూడ ఆ కీలులోనే యున్నది. పై సగమునకును క్రింది సగమునకును నడుమ విద్యుత్తును, సంకేతములను మోయు పలుచని పట్టీ యొకటి కీలు గుండా పోవును. దినమునకు నూఱుమార్లు తెఱచి మూయువారి చేతిలో ఆ పట్టీ నలుగును. ఒకనాడు తెర వెలుగును గాని మాట వినబడదు. లేదా మాట వినబడును, తెర వెలుగదు. తలుపు ఎంత గట్టిదైనను మొదట అఱుగునది బందే కదా.

స్టార్‌టాక్ మన పల్లెలకు రాలేదు. అమెరికాలో మొదట దాని వెల సుమారు 1,000 డాలర్లు. మన దేశమున తొలి సెల్ ఫోను పిలుపు 1995 జులై 31వ తేదీన కలకత్తానుండి ఢిల్లీకి పోయినది. మాటలాడినవారు పశ్చిమ బంగాళ ముఖ్యమంత్రి జ్యోతిబసు, కేంద్రమంత్రి సుఖ్‌రామ్. అప్పుడు నిమిషమునకు 16 రూపాయల దాక ఖర్చు. వచ్చిన పిలుపునకు కూడ సొమ్ము చెల్లింపవలెను. 2003లో వచ్చు పిలుపులు ఉచితమైన పిమ్మటనే ఫోను సామాన్యుల ఇంట అడుగుపెట్టినది. మఱుసటి యేట, అనగా 2004లో, మోటరోలావారి రేజర్ వి3 వచ్చినది. మడచిన దాని మందము 13.9 మిల్లీమీటర్లు, బరువు 95 గ్రాములు, ఒడలు అల్యూమినియము. ప్రపంచమున 13 కోట్లకు పైగా అమ్ముడుపోయెను. అందమునకు లోటు లేదు. ఐనను పలుచదనము కొఱకు దాని బ్యాటరీని చిన్నది చేసిరి. అంకెల మీటలను ఒకే లోహపు రేకులో తీర్చిరి. మీటకు మీటకు నడుమ ఎత్తుపల్లములు స్వల్పమగుటచే, వ్రేలితో తడవి అంకెను గుర్తించుట వృద్ధులకు కష్టము. చూచుటకు మెఱుపు, నొక్కుటకు తడబాటు అని మా యభిప్రాయము.

ఇన్ని లోపములున్నను, మడత ఫోను మన ముసలివారికి చేసిన మేలు సామాన్యమైనది కాదు. మ్రోగినప్పుడు తెఱువవలెను, మాట ముగిసినప్పుడు మూయవలెను. అంతియే. చాల ఫోనులలో మూతయందు దాచిన చిన్న అయస్కాంతము తెఱచుటను, మూయుటను లోపలి యంత్రమునకు తెలుపును. అక్షరము ముక్క ఎఱుగని అవ్వ సైతము మఱొకరిని పిలువక దానిని వాడుకొనగలదు. మధుర వైపున ఇచ్చిన కూతురితో, చిత్తూరి వైపున స్థిరపడిన తమ్మునితో మనవారు మన యాసలోనే, మన పలుకుబడితోనే గంటలకొలది మాటలాడిరి. సొమ్ము లేనివారు ఒకమాఱు మ్రోగించి ఆపివేయుదురు. అది “మేము క్షేమముగా చేరితిమి” అనుటకు గుర్తు. ఏటికొక పెండ్లిలో వినబడు బంధువుల తెలుగు ప్రతివారము చెవిని పడినది. మాటకు సంబంధించినంతవఱకు ఇంతకంటె అనుకూలమైన పరికరము అంతకు మున్ను మన యిండ్లలో లేదు.

ఇక వ్రాత సంగతి. ఆ ఫోనులలో ఇరువదియాఱు ఆంగ్లాక్షరములు ఎనిమిది మీటలపై మూడేసి, నాలుగేసి చొప్పున సర్దబడినవి. మన అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు అన్నియు ఆ ఎనిమిదింటిపైనే ఎక్కించినచో ఒక్కొక్క మీటను ఎన్నిమార్లు నొక్కవలెనో ఊహింపుడు. అదియుగాక, ఒక్క సందేశమునకు కేటాయించిన చోటు 140 బైట్లు. ఆంగ్లాక్షరములైన అందులో 160 పట్టును. తెలుగు, తమిళము, హిందీ మున్నగు లిపుల గుర్తులకు ఒక్కొక్కదానికి రెండు బైట్లు కావలెను గనుక 70 మాత్రమే పట్టును. మనము ఒక అక్షరముగా చూచునది యంత్రమునకు ఒక గుర్తు కాదు. ‘త్తు’ అనగా త, పొల్లు, మఱల త, కొమ్ము – నాలుగు గుర్తులు. ‘కినత్తుకడవు’ అను మన యూరి పేరు కంటికి ఆఱక్షరములు. యంత్రమునకు పదునొకండు గుర్తులు. ఈ లెక్కన ఒక్క ఆటవెలది పద్యము సైతము ఒక్క సందేశమున ఇముడదు.

ఎంత శ్రమపడి పంపినను, అందుకొను ఫోనులో తెలుగు అచ్చు లేనిచో అక్షరములకు మాఱుగా ఖాళీ గళ్ళే కనబడును. మేము ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో, తెలుగు గడ్డపై తెలుగు బోధింప నేర్చుచున్న మా తోటివారు కూడ ఆంగ్లలిపిలోనే తెలుగు సందేశములు వ్రాసికొనుచుండిరి. ఆంగ్లమున కె, ఎ, ఎల్, ఎ, ఎమ్ అని వ్రాసిన దానిని కలమనియు చదువవచ్చును, కాలమనియు చదువవచ్చును. బడిలో తమిళము నేర్చిన బిడ్డ దానిని కళము, అనగా పోరునేల, అని చదివినను తప్పు పట్టరాదు. తకారమునకు టకారమునకు, లకారమునకు ళకారమునకు భేదము ఆ లిపిలో నిలువదు.

ఆంధ్రదేశపు పిల్లవానికి ఇందువలన గొప్ప నష్టము లేదు. వాని కంటికి బస్సు పలకపైన, అంగడి బోర్డుపైన, గోడమీద తెలుగు కనబడుచునే యుండును. మన బిడ్డకు పాఠ్యపుస్తకము మూసిన వెనుక తెలుగక్షరము కనబడు తావులు మిక్కిలి తక్కువ. అన్న చెల్లెలికి వ్రాసికొను రెండు పంక్తులు అట్టి తావులలో నొకటి కావలసినది. మడత ఫోను ఇంటిలో తెలుగు నాలుకను నిలిపినది. తెలుగు చేతిని మాత్రము నిలుపలేకపోయినది.

కావున అడిగిన తల్లిదండ్రులకు మా సమాధానము ఇది. అవ్వకు, తాతకు నిస్సంకోచముగా మడత ఫోను కొనుడు. పెద్ద అంకెలు, ఉబ్బెత్తు మీటలు గలది చూచి కొనుడు. పిల్లలకు కొనదలచినచో తొందరపడవలదు. 2016లో కేంద్రప్రభుత్వ మొక ఉత్తరువు నిచ్చెను. దాని ప్రకారము మన దేశమున అమ్ము ఫోనులలో రాజ్యాంగపు అష్టమ అనుసూచిలోని 22 భాషలను చదువుటకు వీలుండవలెను. వ్రాయుటకు ఆంగ్లము, హిందీ, ఇవిగాక కనీసము మఱియొక భారతీయ భాష ఉండవలెను. ఆ మూడవ భాష తెలుగే కావలెనను నియమము లేదు. కోయంబత్తూరు అంగడిలో అది తమిళమగుట సహజము. అందుకు అంగడివానిని నిందింప పనిలేదు, అడుగకపోవుట మన లోపము.

అడుగుటయే గాక, సొమ్ము చెల్లించుటకు ముందు బిడ్డ చేతికే ఆ ఫోనునిచ్చి ‘కినత్తుకడవు’ అని తెలుగులో వ్రాయింపుడు. ‘త్తు’ ఒక్కటిగా కుదురుకొన్నదో, తకారములు రెండును విడివిడిగా నిలిచినవో చూడుడు. తరువాత దానిని ఇంటిలోనున్న మఱియొక ఫోనునకు పంపి, అచ్చటను అట్లే కనబడుచున్నదేమో కనుగొనుడు. రెండు చోట్లను అక్షరము చెదరనిచో ఆ ఫోను మడతదైనను, మీటలదైనను, పిల్లలకు ఇయ్యవచ్చును.