బిస్కత్తు పొట్లము చెప్పు సంగతులు

హైదరాబాదునుండి ముంబాయి పోవు రాజమార్గముమీద పటాన్‌చెరు దాటి సంగారెడ్డివైపు సాగినచో దారి పొడవునను కర్మాగారములు కానవచ్చును. వానిలో అనేకము రేయింబవళ్లు పనిచేయును. ఉదయపు షిఫ్టునకు తెల్లవారకముందే బయలుదేరు తల్లిదండ్రులకు పిల్లల టిఫిను డబ్బా నింపుట సులభమైన పని కాదు. అట్టి వేళ దుకాణమున కొన్న తీపి బిస్కత్తుల పొట్లము చేతికందును. అది చవుక, త్వరగా చెడిపోదు, వండవలసిన పని లేదు, పిల్లలును మారాము చేయక తిందురు. కావున బిస్కత్తులు పెట్టిన తల్లిని నిందించుట న్యాయము కాదు. అయితే అవి ఆకలిని మాత్రమే తీర్చుచున్నవా, ఎదుగు శరీరమునకు కావలసిన పోషణమును కూడ ఇచ్చుచున్నవా అని విచారింపవలెను. అందులకు కావలసిన సాక్ష్యము పొట్లముమీదనే ఉన్నది.

పొట్లము ముందుభాగమున పాలగ్లాసు, గోధుమకంకి మున్నగు బొమ్మలుండును. అవి కొనువారిని ఆకర్షించుటకు వేసినవి. వెనుకభాగమున చిన్న అక్షరములతో రెండు పట్టికలుండును. మొదటిది పదార్థముల జాబితా. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ నియమము ననుసరించి, ఎక్కువ బరువుగల పదార్థమును ముందును, తక్కువ బరువుగల దానిని తరువాతను వ్రాయవలెను. పెక్కు తీపి బిస్కత్తుల జాబితాలో మైదా మొదట నుండును. చక్కెర, పామాయిలు వెంటనే వచ్చును. పాలపొడి ఎక్కడనో చివర నుండును. శుద్ధిచేసిన గోధుమపిండి యన్నను మైదాయే. గోధుమ పొట్టు తీసివేయుటచే పీచును, ఇనుము మొదలగు లవణములలో చాల భాగమును పోవును. చక్కెరయు ఒక్క పేరుతోనే ఉండదు. గ్లూకోజు పాకము, ఇన్‌వర్టు పాకము అనునవియు చక్కెరలే. బెల్లమును, తేనెయు ఆ కుటుంబములోనివే.

రెండవది పోషక విలువల పట్టిక. ఇందు 100 గ్రాములకు లెక్క ఉండును. ఒక పొట్లముమీద 100 గ్రాములకు కలిపిన చక్కెర 25 గ్రాములని ఉన్నదనుకొందము. ఒక బాలుడు 50 గ్రాముల బిస్కత్తులు తినినచో పన్నెండున్నర గ్రాముల చక్కెర తినినట్లు. చెంచాకు 5 గ్రాముల చొప్పున ఇది రెండున్నర చెంచాలు. కలిపిన చక్కెరల మూలమున వచ్చు శక్తి దినమంతటి శక్తిలో పదవవంతునకు లోబడి యుండవలెననియు, ఇరువదవవంతునకు తగ్గినచో ఇంకను మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. ఒక గ్రాము చక్కెర 4 కిలోకేలరీల శక్తినిచ్చును. కావున దినమునకు 2000 కిలోకేలరీలు కావలసిన బాలునికి ఆ రెండవ హద్దు 25 గ్రాములు. అందు సగము టిఫినుతోనే ముగిసినది! ఇంటిలోని టీయు, సాయంకాలపు మిఠాయియు ఇంకను మిగిలియే యున్నవి.

పొట్లముమీది పచ్చని చుక్కను చూచి కొందరు మోసపోవుదురు. అది శాకాహారమని మాత్రమే తెలుపును. లైసెన్సు సంఖ్యయు పోషణమునకు గుర్తు కాదు.

మరి డబ్బాలో ఏమి పెట్టవలెను? సమాధానము దూరమున లేదు. పటాన్‌చెరులో 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధన సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటలపై పరిశోధనలు చేయుచున్నది. ఈ ప్రాంతపు మెట్టభూములకు చిరపరిచితమైన పంటలివియే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికల ప్రకారము 100 గ్రాముల వేరుశనగ గింజలలో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు కలవు. తీపి బిస్కత్తులలో సాధారణముగా 6 మొదలు 8 గ్రాములే యుండును. సజ్జలలో 100 గ్రాములకు 6 మిల్లీగ్రాములకు పైగా ఇనుము కలదు. రాత్రి కాల్చిన సజ్జరొట్టె ముక్కలు, గుప్పెడు వేయించిన పల్లీలు, ఒక జామపండు డబ్బాలో పెట్టుటకు ఎక్కువ సేపు పట్టదు. పల్లీలు పడనివారు పుట్నాలు తినవచ్చును.

బిస్కత్తు విషము కాదు. ఎప్పుడైన ఒకటి రెండు తినుట తప్పును కాదు. దానిని అనుదిన భోజనముగా ఎంచుటయే పొరపాటు. పొట్లముమీది చిన్న అక్షరములు పెక్కుసార్లు ఆంగ్లమున నుండును. తెల్లవారుజామున పనికి పోవు తల్లికి వానిని చదువుటకు తీరిక ఉండకపోవచ్చును; ఆ భాష రాకపోవచ్చును. బడికి పోవు బిడ్డకు చదువును వచ్చును, లెక్కయు వచ్చును. ముందుగా ఆ పట్టికను చదివి తల్లికి వినిపించుట, రాత్రియే తన డబ్బాను తాను సిద్ధము చేసికొనుట ఆ బిడ్డ చేయదగిన సాయము.