పిల్లల మోకాలిలో ఊడిన ఎముక పెచ్చు

లిగమెంటు అంటే ఒక ఎముకను మరొక ఎముకకు కట్టి ఉంచే గట్టి నార. మోకాలికి పెద్ద దెబ్బ తగిలితే పెద్దవారిలో తరచుగా ఆ నారే తెగుతుంది గాని, ఎదిగే పిల్లల్లో నార కన్నా అది అతుక్కున్న లేత ఎముకే బలహీనం కనుక, నార తెగకుండా ఎముక పెచ్చును ఊడబెరుకుతుంది. వైద్యులు దీన్నే అవల్షన్ ఫ్రాక్చర్ అంటారు.

సైకిలు మీద నుంచి పడిన 8–14 ఏళ్ల పిల్లల్లో, కాలి పెద్ద ఎముక పైకొనన కీలు నడుమ ఉండే చిన్న మిట్ట ఇలా ఊడుతుంది. 1959లో మేయర్స్, మెక్కీవర్ అనే వైద్యులు దీన్ని పెచ్చు దాదాపు కదలనిది, ముందు భాగం మాత్రమే పైకి లేచినది, పూర్తిగా విడిపోయినది అని మూడు రకాలుగా విభజించారు. మొదటిదానికి సాధారణంగా పిండికట్టు చాలు, మూడోదానికి శస్త్రచికిత్స కావాలి. ఈ తేడా తెలిసేది పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలోనే కనుక, ఎదుటి నుంచి తీసిన చిత్రం ఒక్కటే చూసి నిర్ణయించడం సరికాదు.

అన్నిటికన్నా మోసపుచ్చేది మోకాలి చిప్ప కింది అంచు తొడుగులా ఊడిపోయే గాయం. ఊడిన భాగంలో అధికంగా ఉండేది మృదులాస్థి, అంటే ఇంకా ఎముకగా గట్టిపడని మెత్తని పదార్థం. అది ఎక్స్‌రేలో కనిపించదు కాబట్టి, పెద్ద గాయం కూడా చిత్రంలో నలుసంత పెచ్చుగానే తోస్తుంది, ఒక్కోసారి అదీ ఉండదు. చిప్ప తన చోటు నుంచి పైకి జరిగిందా, పిల్లవాడు మోకాలు వంచకుండా కాలు ఎత్తగలుగుతున్నాడా అని చూడడమే ఇక్కడ అసలు పరీక్ష. అనుమానం మిగిలితే రెండో మోకాలితో పోల్చాలి, ఎమ్మారై తీయించాలి.

కీలు బయటి అంచున ఊడే సన్నని పెచ్చును ఫ్రెంచి వైద్యుడు పాల్ సెగాండ్ 1879లోనే, ఎక్స్‌రే కనుగొనడానికి 16 ఏళ్ల ముందే, వర్ణించడం విశేషం. అది కనిపిస్తే కీలు లోపల తొడ ఎముకను కాలి ఎముకకు కట్టి ఉంచే ముందరి క్రూసియేట్ లిగమెంటు కూడా తెగి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

దెబ్బ తగిలిన కొద్ది గంటల్లోనే మోకాలు ఉబ్బితే కీలులో రక్తం చేరిందని అనుమానించాలి. అలాంటి కాలికి బెణుకని మర్దన చేయకుండా, కదలనీయకుండా ఉంచి, ఆ రోజే ఎముకల వైద్యునికి చూపించాలి.