వార్తలు వినిపించు వృత్తి – బాల్యమునుండి సాధన

ప్రతిదినము ఉదయమున ప్రార్థన ముగిసిన పిదప ఒక విద్యార్థి ముందునకు వచ్చి ఆనాటి వార్తలు చదువును. అతని చేతిలోని కాగితము కొంచెము వణకుచుండును. వెనుక వరుసలలోనివారు సగము విందురు, సగము వినరు. ఐదు నిమిషములలో ఆ పని ముగియును. అందరును తరగతులకు పోవుదురు. ఈ ఐదు నిమిషముల పనియే ఒక గౌరవప్రదమైన వృత్తికి తొలిమెట్టు కాగలదని మనలో చాలమందికి తోచదు. ఆ మెట్టునుండి పై మెట్టునకు ఎట్లు పోవలయునో, మార్గమున నేవి సహాయములో, ఏవి కష్టములో ఈ వ్యాసమున వివరింపబడును.

వార్తాప్రసారమనగా వార్తలు చదువుట మాత్రమే కాదు. సంఘటన జరిగిన చోటికిపోయి నిజము తెలిసికొని వచ్చువాడు విలేకరి. వచ్చిన వార్తలలో ముఖ్యమైన వానిని ఏరి, క్రమపరచువాడు సంపాదకుడు. ఇతర భాషలలో వచ్చినదానిని తెలుగులోనికి మార్చువాడు అనువాదకుడు. చివరకు దానిని శ్రోతల చెవికి చేర్చువాడు చదువరి. చిన్న కేంద్రములలో ఈ పనులలో రెండుమూడింటిని ఒక్కరే చేయవలసియుండును. ఆకాశవాణిలో వార్తలు చదువువారే అనువాదకులుగా కూడ ఉండుట సామాన్యము. కావున కంఠము బాగున్నంతమాత్రమున చాలదు. కలము కూడ సిద్ధముగా నుండవలయును.

ఈ విద్యకు మన ప్రాంతము దూరము కాదు. భారతదేశమున ప్రసారములకు పునాది వేసిన పట్టణములలో మన చెన్నై ఒకటి. 1924వ సంవత్సరమున సి. వి. కృష్ణస్వామి చెట్టిగారి కృషిచే అచట మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడెను. ధనలోపముచే 1927లో అది మూతపడగా, దాని యంత్రములను తీసికొని నగర కార్పొరేషనువారు 1930లో ప్రసారములు మొదలిడిరి. 1938 జూన్ 16వ తేదీన ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము ప్రారంభమైనది. విజయవాడ కేంద్రము వెలసినది 1948 డిసెంబరులో. అంతకు పూర్వము పదేండ్లపాటు కోస్తా, రాయలసీమల తెలుగువారికి మద్రాసు కేంద్రమే ఆధారము. బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1941లో ఉద్యోగమున ప్రవేశించినది ఈ కేంద్రముననే.

మద్రాసు కేంద్రపు చరిత్రలో బాలబాలికలు మరువరాని పేర్లు రెండు కలవు: న్యాయపతి రాఘవరావుగారు, వారి సతీమణి కామేశ్వరిగారు. పిల్లల కార్యక్రమములు నడపి, రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని తెలుగునాట నింటింట పిలువబడినవారు వీరు. 1945లో వీరు మద్రాసునుండియే ‘బాల’ అను మాసపత్రికను వెలువరించిరి. ముళ్ళపూడి వెంకటరమణగారి తొలికథ వెలువడినది ఆ పత్రికలోనే. చిన్ననాట ఒక చిన్న వేదిక దొరకిన బాలుడు పెద్దవాడై ఎంతదూరము పోగలడో దీనివలన తెలియుచున్నది. ఇందు మనము గమనింపవలసినది మరియొకటి కలదు. రాఘవరావుగారు 1905లో జన్మించినది ఇప్పటి ఒడిశా రాష్ట్రములోని బరంపురమున. అది కూడ మన ప్రాంతమువలెనే తెలుగువారు అల్పసంఖ్యాకులుగా నున్న చోటు. తెలుగు సరిహద్దున పుట్టినవాడు తెలుగు బాలలకందరకు అన్నయ్య కాగలిగెను.

ఈ మాట ఏల చెప్పవలసివచ్చినదనగా, మన విద్యార్థుల మనస్సులో ఒక సందేహము కలదు. “మనది తమిళము కలసిన తెలుగు, దీనిని విన్నవారు నవ్వుదురు, మనకు రేడియోలోను, టెలివిజనులోను చోటెక్కడిది?” అని వారు తమలో తాము అనుకొందురు. ఈ సందేహమునకు మూలము చరిత్రలో నున్నది. తిరుత్తణి ప్రాంతము 1960 మార్చి నెలాఖరువరకు చిత్తూరు జిల్లాలోనిది. పటాస్కరు తీర్పు ననుసరించి 1959లో చేసిన చట్టముచే 1960 ఏప్రిల్ 1వ తేదీనుండి అది మద్రాసు రాష్ట్రమున చేరినది. దానికి మారుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. గీత మారినదే గాని ఇండ్లలో మాట మారలేదు. 2006 నాటి చట్టము పిదప మన పాఠశాలలలోను తమిళము నేర్చుట విధియైనది. కావున మన బిడ్డ ఇంట తెలుగు, వీథిలోను బడిలోను తమిళము, పుస్తకములలో ఆంగ్లము నేర్చుకొనుచున్నాడు. భారమని తలచిన భారమే. వార్తాప్రసారమున మాత్రము ఇది మూలధనము.

ఉచ్చారణము సంగతి మొదట చూతము. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అను నాల్గింటికిని ఒక్కటే అక్షరము. ఆ అలవాటు నాలుకకు అంటుకొనుటచే మనలో కొందరు ‘భారతము’ను ‘బారతము’ అనియు, ‘ధనము’ను ‘దనము’ అనియు పలుకుదురు. కరమనగా చేయి, ఖరమనగా గాడిద; ఒక్క ఒత్తు లోపించిన అర్థమే మారును. ఇది మన లోపము, సాధనచే తీరునది. ఇక మన బలము వినుడు. ళకార ణకారములను ఎక్కువగా వాడు తమిళము మన చెవులకు నిత్యము వినబడుచుండుటచే ఆ ధ్వనులు మనకు సహజముగా వచ్చును. ఇతర ప్రాంతములవారు కొందరు ‘తిరుత్తని’ అనియు, ‘తిరువల్లూరు’ అనియు చదువుచుండగా మన బాలిక ‘తిరుత్తణి’, ‘తిరువళ్ళూరు’ అని తడబడక చదువును. వార్తలలో ఊరిపేరు తప్పిన ఆ ఊరివారి విశ్వాసము పోవును. కావున ఇది చిన్న విషయము కాదు.

రెండవది అనువాదము. ఒకే రూపమున నున్నను రెండు భాషలలో అర్థభేదము గల మాటలయెడ మిక్కిలి జాగ్రత్త వలయును. తమిళమున ‘అవసరం’ అనగా తొందర. తెలుగున ‘అవసరము’ అనగా కావలసియుండుట. తమిళమున ‘పసి’ అనగా ఆకలి. తెలుగున పసివాడనగా చిన్నబిడ్డ. ఇవి తెలియనివాడు వార్తను తలక్రిందులు చేయును. తెలిసినవాడు ఉభయపక్షములకును ఉపకారము చేయును. ఆంగ్లమునుండి మార్చునపుడును మాటకు మాట పెట్టరాదు. ‘మంత్రిచే వంతెన ప్రారంభింపబడినది’ అని వ్రాయుటకంటె ‘మంత్రి వంతెనను ప్రారంభించిరి’ అని వ్రాసిన వినువానికి సుఖముగా నుండును. పత్రిక చదువువాడు అర్థము కాకున్న వెనుకకు పోయి మరల చదువగలడు. రేడియో వినువానికి ఆ అవకాశము లేదు. కావున వాక్యము చిన్నదిగా నుండవలయును. ఒక్క వాక్యమున ఒక్క సంగతియే చెప్పవలయును.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, నిజము. దీనికి మన పరిసరములనుండియే ఒక ఉదాహరణము తీసికొందము. కుశస్థలీ నదిపై పూండివద్ద 1944లో పూర్తియైన జలాశయము మనకందరకు తెలిసినదే. 1996 మొదలు తెలుగుగంగ కాలువద్వారా కృష్ణాజలములు కండలేరునుండి బయలుదేరి, ఊత్తుకోటవద్ద సరిహద్దు దాటి, ఈ జలాశయమును చేరుచున్నవి. వర్షకాలమున నిండిన జలాశయపు తలుపులు తెరచినపుడు దిగువ గ్రామములవారు మేలుకొని యుండవలయును. అట్టి దినమున సెకనుకు వేయి ఘనపుటడుగుల నీరు విడిచిరని చదువుటకును, పదివేల ఘనపుటడుగులు విడిచిరని చదువుటకును గల భేదము ఒక్క సున్న. ఆ సున్నను ఆధారముగా చేసికొని ఏటి ఒడ్డున ఒక కుటుంబము ఇంట నిలుచునో, పశువులను తోలుకొని మెట్టకు పోవునో నిర్ణయించుకొనును. ఆ సంఖ్యను ఇంజనీరునడిగి, మరియొకసారి సరిచూచుకొని, సరిహద్దుకు ఇరువైపుల రైతులతో వారి వారి భాషలలో మాటలాడి వార్త వ్రాయగలవాడు మన ప్రాంతపు బిడ్డకంటె వేరెవ్వడు?

సాధన ఇంటివద్దనే మొదలిడవచ్చును. ప్రతిదినము పత్రికలోని ఒక వార్తను బిగ్గరగా చదువుడు. గడియారము ముందుంచుకొని నిమిషమునకెన్ని మాటలు చదువుచున్నారో లెక్కించుకొనుడు. ఊపిరి ఎచ్చట ఆపవలయునో కాగితముపై గీతతో గుర్తించుకొనుడు. సంఖ్యలను అక్షరములలో వ్రాసికొనుడు. మీ కంఠమును సెల్‌ఫోనులో పట్టి, మరునాడు వినుడు. మొదటిదినమున మీ కంఠము మీకే నచ్చదు. అందరికిని అట్లే యుండును. వారమునకొక దినము మీ ఊరి వార్తనొకదానిని స్వయముగా సేకరింపుడు. ఆడికృత్తికనాడు తిరుత్తణికొండకు వచ్చు కావడులను గూర్చియో, అమావాస్యనాడు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి పుష్కరిణిలో బెల్లము కలుపు యాత్రికులను గూర్చియో, పొదటూరుపేట మగ్గములను గూర్చియో వ్రాయుడు. ఎవరు, ఏమి, ఎప్పుడు, ఎక్కడ, ఏల, ఎట్లు అను ఆరు ప్రశ్నలకును సమాధానము వచ్చినదో లేదో చూచుకొనుడు.

నాటకములాడుటయు ఉపకరించును. చలనచిత్రనటులుగా ప్రసిద్ధికెక్కిన కొంగర జగ్గయ్యగారు అంతకుముందు ఢిల్లీ ఆకాశవాణినుండి తెలుగు వార్తలు చదివినవారు. విద్యార్థిదశనుండియు నాటకములాడినవారగుటచే వారి వాక్కునకు పదును కలిగెను. జ్ఞాపకశక్తి కూడ వలయును. 1983 నవంబరు 14వ తేదీన హైదరాబాదు దూరదర్శనమున తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్‌గారికి ఎదుట అక్షరములు చూపు యంత్రము లేదు. వ్రాతప్రతిని కంఠస్థము చేసి చూపరుల కన్నులలోనికి చూచుచు చదువుచుండిరి. పద్యములు కంఠస్థము చేయుమని ఉపాధ్యాయులు చెప్పునపుడు విసుగుకొనువారు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొందురు గాక.

చదువు విషయమున ముందు ఏదేని పట్టము పొంది, పిదప పత్రికారచన నభ్యసించుట మంచిది. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1954నుండియు పత్రికారచనాశాఖ కలదు. మద్రాసు విశ్వవిద్యాలయమునందును ఈ విద్య నేర్పుదురు. ఢిల్లీలోని భారతీయ జనసంచార సంస్థ 1965లో స్థాపితమైనది. ఆకాశవాణివారు వార్తాపఠనమునకు అభ్యర్థులను కోరునపుడు సాధారణముగా అనువాదపరీక్షయు, కంఠపరీక్షయు జరుపుదురు. కష్టములను దాచి చెప్పుట ధర్మము కాదు. చాలమందికి దొరకునది స్థిరమైన ఉద్యోగము కాదు; పిలిచిన దినములకు మాత్రమే వేతనము గల పని. ఉదయపు వార్తలకై తెల్లవారకమునుపే లేవవలయును. పండుగనాడును సెలవు లేదు. కావున మరియొక జీవనాధారమును సంపాదించుకొని ఈ మార్గమున ప్రవేశించుట వివేకము.

మాటతీరును గూర్చి సిగ్గుపడువారికి ఒక్క దృష్టాంతము చెప్పి ముగింతును. తెలంగాణమున జహీరాబాదు సమీపమందలి మాచనూరు గ్రామమున 2008లో సంఘం రేడియో అను ప్రసారకేంద్రము వెలసినది. దానిని నడపువారు పల్లెటూరి దళిత స్త్రీలు. విత్తనములను గూర్చియు, పంటలను గూర్చియు తాము పొలమున మాటలాడుకొను తెలుగులోనే వారు ప్రసారము చేసిరి. విన్నవారెవ్వరును నవ్వలేదు; అది తమ మాటయే యని గుర్తించిరి. అంతకు నాలుగేండ్ల ముందు 2004లో మన చెన్నై అణ్ణా విశ్వవిద్యాలయమున విద్యాలయ సమాజరేడియో వెలసి దేశమునకు మార్గము చూపినది. ఇట్టి కేంద్రములను విద్యాసంస్థలును, సేవాసంస్థలును అనుమతి పొంది స్థాపింపవచ్చును. మన తాలూకాలలో అట్టిదొకటి వెలసి, రెండు భాషలలోను వార్తలు వినిపింపరాదా? ఆ పనికి మనుష్యులు కావలసివచ్చిన దినమున సిద్ధముగా నుండవలసినవారు నేడు ఈ పాఠశాలలో కూర్చున్నవారే.

రేపటి ప్రార్థనసమయమున వార్తలు చదువు వంతు ఎవరిదో నాకు తెలియదు. ఎవరిదైనను, ఈ రాత్రి ఆ వార్తలను ఒకసారి బిగ్గరగా చదివి, ఒత్తులు సరిచూచుకొని, అంకెలను అక్షరములలో వ్రాసికొని రండు. వెనుక వరుసలోనివాడు తలయెత్తి విన్నచో మీ శిక్షణ ఆరంభమైనట్లే.