రెండు దినముల సెలవులో ఓరుగల్లు యాత్ర

జపాను దేశమున ఉపాధ్యాయులు విద్యార్థులను పూర్వ రాజధానియైన క్యోటో వంటి నగరములకు కొనిపోవు ఆచారము చిరకాలముగ కలదు. దానిని వారు వినోదముగ గాక చదువులో భాగముగ నెంతురు. సిరొంచ ప్రాంతపు తెలుగు పిల్లలకును అట్టి పూర్వ రాజధాని సమీపముననే కలదు. అదియే ఓరుగల్లు. రెండు దినముల సెలవు చాలును.

మొదటి దినము వంతెనమీదుగా గోదావరిని దాటి కాళేశ్వరము చేరుదుము. ప్రాణహిత గోదావరిలో కలియు చోటును చూపి, భూగోళ పాఠమును ఒడ్డుననే చెప్పవచ్చును. పిదప భూపాలపల్లి మీదుగా పాలంపేట పోయి రామప్పగుడిని చూడవలెను. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయము 2021లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. శిఖరపు బరువు తగ్గుటకై నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలను వాడిరి. ఈ సంగతి పిల్లలకు మిక్కిలి వింతగ తోచును.

ఆ రాత్రి హనుమకొండలో బస. మరునాటి ఉదయము వేయిస్తంభముల గుడిలో రుద్రదేవుని 1163 నాటి శాసనమువద్ద కొంత తడవు నిలువవలెను. దాని భాష చాలవరకు సంస్కృతమే యైనను, లిపి మాత్రము ఆనాటి తెలుగు–కన్నడ లిపి. నేటి అక్షరములను పోలినవానిని వెదకి, కాగితముపై వ్రాసికొమ్మని పిల్లలకు చెప్పుడు. అనంతరము కోటలోని నాలుగు కీర్తితోరణములను చూపి, 1323లో కాకతీయ రాజ్యము అంతరించిన కథను చెప్పవలెను. రైలు ఎరుగని మన తాలూకా పిల్లలకు కాజీపేట జంక్షను చూపుటయు విద్యయే. బల్లార్షా మీదుగ వచ్చు ఢిల్లీ–చెన్నై మార్గమునుండి సికింద్రాబాదు మార్గము అచ్చట చీలును.

ఇంతకు మించి చూపబూనిన పిల్లలు అలయుదురు, ఏదియు మనసున నిలువదు.

కార్యాలయములందును, అంగడి పలకలమీదను మరాఠీనే చూచు మన బిడ్డకు తెలుగు ఇంటిలో పలుకుటకు మాత్రమే యను తలంపు కలుగవచ్చును. ఎనిమిది శతాబ్దములకు పూర్వము రాతిపై చెక్కిన అక్షరమును తన వ్రేలితో చూపి చదివిన బిడ్డకు ఆ తలంపు నిలువదు. మరాఠీ పాఠములో రాయగడమును గూర్చి చదివి గర్వించిన బిడ్డయే ఓరుగల్లును చూచియు గర్వింపగలదు. ఈ రెండును మన బిడ్డలవే. తల్లిదండ్రులు రాబోవు సెలవులలో ఈ యాత్రకు పూనుకొందురని ఆశించుచున్నాము.