క్రీమ్‌ మానేసిన తర్వాత

మొదటి వారంలోనే ముఖం తేటపడుతుంది. మొటిమలు అణిగిపోతాయి, మంగు మచ్చ పలచబడుతుంది. ‘ఏం రాస్తున్నావే, మాకూ చెప్పొచ్చుగా’ అని ఇరుగుపొరుగు అడుగుతారు. రెండు మూడు నెలలు గడిచేసరికి ఎండలో కాలు పెడితే చాలు, చెంపలు మండుతాయి. పొయ్యి దగ్గర నిలబడితే ముఖం కందిపోతుంది. ఒక్క రాత్రి క్రీమ్‌ రాయకపోతే తెల్లారేసరికి దురద, ఎరుపు, కొత్త మొటిమలు. మళ్లీ రాస్తే కాసేపట్లో నెమ్మదిస్తుంది. ఇక ఆ ట్యూబు లేకుండా గడప దాటలేని పరిస్థితి. ఏడాది తిరిగేసరికి చెంపల మీద సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది, నున్నగా ఉండే గడ్డం మీద నూగు ముదురుతుంది.

దేశంలో ఏ చర్మవైద్యుల ఓపీకి వెళ్లినా ఈ కథ కొత్తది కాదు. 2008లో కోల్‌కతా వైద్యులు కౌశిక్‌ లాహిరి, అరిజిత్‌ కుందు దీనికి ‘టాపికల్‌ స్టిరాయిడ్‌ డ్యామేజ్డ్‌ ఫేస్‌’ అని పేరు పెట్టారు. పూత మందుల్లోని స్టిరాయిడ్‌ వల్ల దెబ్బతిన్న ముఖం అన్నమాట. అంతకుముందు ఇదే బాధ మొటిమలనో, అలర్జీ అనో, ఎండ పడకపోవడమనో రకరకాలుగా చలామణీ అయ్యేది. రోగం ఒకటి, మందు మరొకటి. చాలాసార్లు ఆ మందులోనూ స్టిరాయిడే.

హైదరాబాద్‌లో ఉప్పల్‌ డిపో దాటి వరంగల్‌ రోడ్డు మీదుగా బోడుప్పల్‌ వైపు వస్తుంటే ఈ సమస్య ఎంత మామూలైపోయిందో అర్థమవుతుంది. ఒకనాటి పల్లె 2019లో నగరపాలక సంస్థ అయింది. కాలనీకో మెడికల్‌ షాపు, వీధికో బ్యూటీపార్లర్‌, ప్రధాన రోడ్డు మీద స్కిన్‌ అండ్‌ హెయిర్‌ క్లినిక్‌ల బోర్డులు. పెళ్లిళ్ల సీజన్‌ వస్తే ‘బ్రైడల్‌ గ్లో’, ‘వైట్నింగ్‌ ఫేషియల్‌’, ‘లేజర్‌ టోనింగ్‌’ ప్యాకేజీలు. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగిన అమ్మాయికైనా, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి హైటెక్‌ సిటీ వెళ్లే అబ్బాయికైనా చర్మవైద్యుడి అపాయింట్‌మెంట్‌ కన్నా మెడికల్‌ షాపు కౌంటర్‌ దగ్గర. ‘అన్నా, ముఖానికి ఏమన్నా మంచి క్రీమ్‌ ఇవ్వు’ అంటే చాలు.

ఈ దారి ఎంతమందిని ఎక్కడికి చేర్చిందో చెప్పే లెక్క ఒకటుంది. దేశంలోని పన్నెండు చర్మవైద్య కేంద్రాల్లో జరిగిన అధ్యయనం 2011లో అచ్చయింది. ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది ముఖానికి స్టిరాయిడ్‌ రాస్తున్నట్టు తేలింది. వారిలో 257 మందికి ఆ సలహా ఇచ్చింది డాక్టర్లు కారు. మరీ ఘాటైన రకాల వాడకం పల్లెల్లో, నగర శివార్లలో ఎక్కువగా కనిపించింది. ఆ 433 మందిలో దుష్ఫలితం లేనివారు ఒక్కరూ లేరు. తప్పంతా షాపువాళ్ల మీదికి నెట్టేయడానికీ వీల్లేదు. వైద్యులు రాసిచ్చిన 176 చీటీల్లోనూ 78 ఘాటైన స్టిరాయిడ్లే.

తెలుపెక్కడిది?

స్టిరాయిడ్‌ పూత మందు చెడ్డ మందు కాదు. 1952లో హైడ్రోకార్టిసోన్‌ పూత ఫలితాలు బయటికి వచ్చినప్పుడు ఎగ్జిమాతో ఏళ్ల తరబడి గోక్కుంటున్నవాళ్లకు అది ప్రాణం పోసినట్టయింది. వైద్యుడు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే ఇవాళ్టికీ అంతే మేలు చేస్తుంది. చిక్కంతా అది ముఖాన్ని పాలిపోయేలా చేయడంలో ఉంది. ఈ మందు చర్మంలోని సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది, దాంతో ఆ చోటు తెల్లబడుతుంది. 1962లో మెకంజీ, స్టౌటన్‌ అనే పరిశోధకులు స్టిరాయిడ్ల శక్తిని కొలవడానికి ఈ లక్షణాన్నే కొలబద్దగా చేసుకున్నారు. చర్మం ఎంత పాలిపోతే మందు అంత ఘాటైనదని లెక్క. ‘రంగు వచ్చింది’ అని మురిసిపోయే మొదటి వారంలో ముఖంలో జరుగుతున్నది ఆ బిగింపే. మందు ఆపగానే బిగుసుకున్న నాళాలు ఒక్కసారిగా విప్పారి, ముఖం ముందుకన్నా ఎర్రబడుతుంది.

1975ను ఈ కథలో దాటిపోలేం. ‘ఫెయిర్‌ అండ్‌ లవ్లీ’ భారత మార్కెట్లోకి వచ్చింది ఆ ఏడే. (2020లో ఆ పేరులోంచి ‘ఫెయిర్‌’ తీసేశారు.) అమెరికాలో ఆల్బర్ట్‌ క్లిగ్‌మన్‌ హైడ్రోక్వినోన్‌, ట్రెటినాయిన్‌, డెక్సామెథాసోన్‌ కలిపి నల్లమచ్చలకు మిశ్రమం ప్రకటించిందీ ఆ ఏడే. దాని వారసులే ఇవాళ మన షాపుల్లో దొరికే మూడు మందుల క్రీములు. హైడ్రోక్వినోన్‌ క్రీములు రాసుకున్న దక్షిణాఫ్రికా మహిళల ముఖాలు తెల్లబడకపోగా నీలి నలుపుకు తిరుగుతున్నాయని ఫిండ్లే అనే వైద్యుడు బృందంతో కలిసి హెచ్చరించిందీ 1975లోనే. మందూ హెచ్చరికా ఒకే ఏడాది పుట్టాయి. మన దాకా ముందు మందు వచ్చింది.

అమెరికాలో ఇలాంటి మూడు మందుల క్రీముకు అనుమతి ఇచ్చినప్పుడు వాడకాన్ని ఎనిమిది వారాలకు పరిమితం చేశారు. మన దగ్గర అదే కోవ క్రీము, అంతకన్నా ఘాటైన మొమెటాసోన్‌ అనే స్టిరాయిడ్‌తో, ఏళ్ల తరబడి డ్రెస్సింగ్‌ టేబుల్‌ మీద పౌడర్‌ డబ్బా పక్కన ఉంటుంది. చేతిలోకి తీసుకుని చూస్తే ట్యూబు మీద నిలువుగా ఎర్ర గీత, ‘ఆర్‌ఎక్స్‌’ గుర్తు, డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదన్న చీమతలకాయంత అక్షరాలు కనిపిస్తాయి. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 14 రకాల స్టిరాయిడ్‌ పూత మందులను, చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్‌ హెచ్‌ పరిధిలోకి తెచ్చింది. అందుకోసం పట్టుబట్టినవాళ్లలో భారత చర్మవైద్యుల సంఘం ముందుంది. చట్టం వచ్చింది. కౌంటర్‌ దగ్గర చీటీ అడగడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

ఇన్ని తిప్పలూ ఏ రంగు కోసం? ఉప్పల్‌ నుంచి తార్నాక వెళ్లే దారిలో, హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. ఎస్తోనియాలోని టార్టు శాస్త్రవేత్తలతో కలిసి ఇక్కడివాళ్లు చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. దక్షిణాదికి చెందిన 1,228 మంది చర్మంలో రంగునిచ్చే మెలనిన్‌ కొలిచి, జన్యువులతో పోల్చారు. ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులోని ఒకే ఒక్క అక్షరం తేడా రంగులోని వైవిధ్యంలో దాదాపు 27 శాతానికి కారణమని తేలింది. అన్నదమ్ముల్లో ఒకరు చామనఛాయ, ఒకరు పచ్చని ఛాయ ఎందుకవుతారో ఇలాంటి అక్షరాలే నిర్ణయిస్తాయి. ఏ క్రీమూ వాటిని తాకలేదు.

యంత్రం కాల్చిన చోట

ముఖాన్ని గాయపరిచేది క్రీము ఒక్కటే కాదు. కెమికల్‌ పీల్‌, లేజర్‌ వంటివి చేతకాని చేతిలో పడితే చెంప మీద కమిలిన పట్టీలు, గళ్లుగళ్లుగా కాలిన గుర్తులు మిగులుతాయి. కారణం సూటిగానే ఉంటుంది. వెంట్రుకలు తీసే లేజర్‌ వెతికేది మెలనిన్‌ను. మన చర్మంలో అది నిండుగా ఉంటుంది కాబట్టి వెంట్రుక మూలానికి చేరాల్సిన వేడిని పైచర్మమే తాగేస్తుంది. చర్మాన్ని ఎండకు తట్టుకునే తీరును బట్టి వర్గీకరించిన ఫిట్జ్‌ప్యాట్రిక్‌ కొలమానం కూడా 1975 నాటిదే. మొదట తెల్లచర్మాలకే తయారైంది, గోధుమ, నలుపు ఛాయలను తర్వాత చేర్చారు. అందులో మనవాళ్లలో ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతుల్లోకి వస్తారు. ఈ ఛాయలకు లోతుగా వెళ్లే 1,064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్‌ లేజర్‌ కొంత సురక్షితమైనది. ఎంత శక్తి పెట్టాలి, ఎన్ని వారాల ఎడం ఇవ్వాలి అన్నది చదువుకున్నవాడికే తెలుస్తుంది. వర్క్‌షాపులో చూసో, యూట్యూబ్‌ చూసో నేర్చుకుంటే అది శిక్షణ కిందికి రాదని జాతీయ వైద్య కమిషన్‌ 2022 సెప్టెంబరులో స్పష్టంగా చెప్పింది.

మన చర్మం కాలినా, గీరుకున్నా ఆ చోట నల్లమచ్చ పడుతుంది. పైపొరలోనిదైతే నెలల్లో మెల్లగా తేలిపోతుంది. రంగు లోపలి పొరలోకి దిగి బూడిద నీలంగా కనిపిస్తే ఏళ్లు పడుతుంది. ఆ తేడా తెలియకే చాలామంది మచ్చ పోలేదని మూడో వారంలో ఇంకో పీల్‌ చేయించుకుంటారు. మచ్చ మీద మచ్చ.

ఆ కొన్ని వారాలు

దెబ్బతిన్న ముఖం కోలుకోవడంలో అన్నిటికన్నా కష్టమైన ఘట్టం క్రీము మానేసిన తర్వాత వస్తుంది. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే చాలామంది ఇక్కడే ఓడిపోతారు. మానేసిన కొద్ది రోజుల్లో ముఖం ఎర్రగా ఉబ్బుతుంది, పొట్టు లేస్తుంది, చీము పొక్కులు వస్తాయి, రాత్రుళ్లు మంటతో నిద్ర పట్టదు. ‘మానేస్తే ఇంకా పాడైంది, ఆ క్రీమే నయం’ అనిపిస్తుంది. ఇంట్లోవాళ్లూ అదే మాట అంటారు. మళ్లీ ట్యూబు తెరిస్తే లెక్క మొదటికొస్తుంది. లేదంటే ఇంకో క్లినిక్‌, ఇంకో ప్యాకేజీ, ఇంకో పీల్‌. ఈ వారాల్లో ముఖానికి కావాల్సింది కొత్త చికిత్సల హడావుడి కాదు, విశ్రాంతి.

చర్మవైద్యులు మొదట అడిగేది ఏం రాస్తున్నారని.

‘ముఖానికి ఏం వాడుతున్నారమ్మా?’

‘ఏం లేదు సార్‌, మామూలు క్రీమే.’

‘ఎన్నాళ్ల నుంచి?’

‘రెండేళ్లయితది.’

ఆ ‘మామూలు క్రీము’ పేరేమిటో తెలిస్తే సగం దారి దొరికినట్టే. ఇంట్లో ఉన్న ట్యూబులు, డబ్బాలు, పార్లర్‌లో ఇచ్చిన పేరులేని సీసా అన్నీ సంచీలో వేసుకుని వెళ్లడం మంచిది. స్టిరాయిడ్‌ ఎంత ఘాటైనది, ఎన్నాళ్లు రాశారు అన్నదాన్ని బట్టి ఒక్కసారిగా ఆపాలా, తక్కువ శక్తి ఉన్నదానికి మార్చి మెల్లగా తగ్గించాలా అన్నది వైద్యుడు తేలుస్తాడు. స్టిరాయిడ్‌ కాని టాక్రోలిమస్‌ వంటి పూత, పొక్కులు ఎక్కువైతే కొన్ని వారాలు డాక్సీసైక్లిన్‌ వంటి మాత్రలు ఇస్తారు. గర్భంతో ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా ఆ మాట ముందే చెప్పాలి.

ఇంట్లో చేయాల్సింది చాలా తక్కువ. ఆ తక్కువలోనే ఉండటం కష్టం. నురగ తక్కువగా వచ్చే, వాసన లేని క్లెన్సర్‌తో కడగడం, సాదా మాయిశ్చరైజర్‌ రాయడం, మంటగా ఉంటే చల్లటి తడిగుడ్డ వేయడం. అంతే. స్క్రబ్‌, బ్లీచ్‌, ఆవిరి, ఫేషియల్‌ వద్దు. శనగపిండి, నిమ్మరసం, టమాటా, టూత్‌పేస్ట్‌ కూడా వద్దు. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి నలుగు హాయిగానే ఉంటుంది గానీ పలచబడిన చర్మానికి ఆ రాపిడే గాయం.

ఎండ సంగతి వేరే చెప్పుకోవాలి. ఉప్పల్‌ రింగురోడ్డులో మధ్యాహ్నం బస్సు కోసం నిలబడటం, 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఎలివేటెడ్‌ కారిడార్‌ పనుల దుమ్ములో నారపల్లి దాకా బండి నడపడం మామూలు ముఖానికే పరీక్ష. గొడుగు, మెత్తటి నూలు చున్నీ, శుభ్రంగా ఉతికిన హెల్మెట్‌ లోపలి గుడ్డ అక్కరకొస్తాయి. సన్‌స్క్రీన్‌ రాస్తున్నామనే చాలామంది బఠాణీ గింజంత రాస్తారు. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి, బయట తిరిగితే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. మన ఛాయ చర్మాన్ని కంటికి కనిపించే వెలుతురు కూడా నల్లబరుస్తుంది. దాన్ని అడ్డుకునేవి ఐరన్‌ ఆక్సైడ్‌ కలిపిన లేతరంగు సన్‌స్క్రీన్‌లు.

కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఎరుపు, పొక్కులు, మంట ముందు తగ్గుతాయి. తేలిన నరాలు కొన్ని అలాగే ఉండిపోవచ్చు, చర్మం పూర్తిగా శాంతించాక వాటికి లేజర్‌ వైద్యం ఉంది. పలచబడిన చర్మం కొంతవరకు పుంజుకుంటుంది. హైడ్రోక్వినోన్‌ మిగిల్చే నీలి నలుపు అన్నిటికన్నా మొండిది. రోజుకు పదిసార్లు అద్దం చూసుకుంటే ఏ మార్పూ కనబడదు. నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకు ఫొటో తీసుకుంటే తెలుస్తుంది.

పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీములతో ఇంకో ప్రమాదం పాదరసం. కేరళలోని కోట్టక్కల్‌ వైద్యులు 2021-23 మధ్య ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలిస్తే, 13 మంది ఫెయిర్‌నెస్‌ క్రీములు వాడుతున్నట్టు బయటపడింది. అలాంటివి రాసినవాళ్లు ముఖం చూపించుకోవడంతో పాటు మూత్ర పరీక్ష కూడా చేయించుకోవాలి.

ముఖం పాడైతే మనసు బాగుండదు. పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లడం మానేస్తారు, వీడియో కాల్‌లో కెమెరా ఆపేస్తారు. ‘ముఖానికి ఏమైంది?’ అనే ప్రశ్న రోజూ ఎదురవుతుంటే ఆఫీసుకు సెలవు పెట్టేవాళ్లున్నారు. దీన్ని సోకుల బాధగా కొట్టిపారేయడం అన్యాయం. చర్మవ్యాధి బతుకును ఎంత కుదించిందో కొలవడానికి వైద్యులు 1994 నుంచి పది ప్రశ్నల పట్టిక వాడుతున్నారంటే, ఆ బాధ వైద్యం లెక్కలో ఉన్నదనే. నిద్ర పట్టక, ఎవరికీ చెప్పుకోలేక ఉక్కిరిబిక్కిరవుతుంటే 14416కు ఫోన్‌ చేయొచ్చు. కేంద్రం నడిపే టెలీ-మానస్‌ అది, తెలుగులోనూ మాట్లాడతారు. మొటిమల చెంపలతోనే ‘ప్రేమమ్‌’లో తెర మీదికి వచ్చిన నటి సాయిపల్లవి 2017లో ‘ఫిదా’ భానుమతిగా తెలంగాణ ఇళ్లన్నిటికీ దగ్గరైంది. ఫెయిర్‌నెస్‌ క్రీమ్‌ ప్రకటనకు వచ్చిన భారీ పారితోషికాన్ని వద్దన్నానని తర్వాత ఆమే చెప్పింది. చెంపల ఎరుపును దాచకుండా కాలేజీకి వెళ్లే బోడుప్పల్‌ అమ్మాయికి ఆ నిర్ణయం నిజంగా పనికొస్తుంది.

చూపించుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ఈఎస్‌ఐ కార్డున్నవాళ్లు ముందు నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రిలో అడగొచ్చు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి పరేడ్‌ గ్రౌండ్‌లో మారితే గాంధీ ఆసుపత్రి స్టేషన్‌లోనే దిగొచ్చు, అక్కడ చర్మవ్యాధుల విభాగం ఉంది. ప్రైవేటు క్లినిక్‌కు వెళ్తే బోర్డు మీద ఎండీ డీవీఎల్‌, డీడీవీఎల్‌, డీఎన్‌బీ వంటి చర్మవైద్యం డిగ్రీ, వైద్యమండలి రిజిస్ట్రేషన్‌ నంబరు ఉన్నాయో లేదో చూసుకోవాలి. చీటీ లేకుండా స్టిరాయిడ్‌ అమ్మితే ఔషధ నియంత్రణ శాఖకు, డిగ్రీ లేకుండా లేజర్‌ పడితే వైద్యమండలికి ఫిర్యాదు చేయొచ్చు. 1995లో సుప్రీంకోర్టు తీర్పుతో డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. కాలిన ముఖానికి పరిహారం అడగాలంటే రెండేళ్ల లోపు జిల్లా కమిషన్‌ మెట్లెక్కాలి. కాబట్టి ప్యాకేజీ రసీదు, వాట్సాప్‌లో వాళ్లు పంపిన మాటలు, చికిత్సకు ముందూ తర్వాతా తీసిన ఫొటోలు, వాడిన ట్యూబులు పారేయకుండా దాచిపెట్టుకోవాలి.