మూడేళ్లకు ఒక్క పిల్ల

బ్రెజిల్‌లోని పాంటనాల్ చిత్తడి నేలల్లో 100 చదరపు కిలోమీటర్లు గాలిస్తే జెయింట్ ఆర్మడిల్లోలు ఏడో ఎనిమిదో ఉంటాయి. అంతే. అవీ చీకటి పడితే తప్ప బయటికి రావు. బతుకులో ముప్పాతిక వంతు నేల కిందే గడుపుతాయి. అక్కడే పుట్టి పెరిగినవాళ్లలో కూడా చాలామంది దీన్ని ఒక్కసారీ చూసి ఉండరు.

చిన్న జంతువేం కాదు. ముక్కు నుంచి తోక చివరిదాకా మీటరున్నర. బరువు 30 నుంచి 50 కిలోలు, అంటే తక్కువలో తక్కువ నిండు గ్యాస్ సిలిండరంత. తిండి మాత్రం చీమలు, చెదపురుగులు. మన నల్లమలలో తిరిగే అలుగుదీ ఇదే తిండి, కవచమూ ఉంది. కానీ రెండింటికీ చుట్టరికం లేదు. అలుగు ఒంటి మీదివి మన గోళ్ల లాంటి పదార్థంతో ఏర్పడిన పొలుసులు, దీనివి ఎముక పలకలు.

దీని ముందుకాలి మధ్య గోరు సుమారు 20 సెంటీమీటర్లు, జానెడుకు కాస్త తక్కువ. ఆ గోటితో ఐదు మీటర్ల పొడవు దాకా బొరియ తవ్వి, కొద్ది రోజులకే వదిలేసి మరోటి మొదలుపెడుతుంది. బయట ఎండ మండినా, చలి కొరికినా లోపల వేడి 24, 25 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. వాకిట్లో తవ్విపోసిన ఇసుక దిబ్బ. వదిలేసిన బొరియల ముందు కెమెరాలు పెట్టి చూస్తే, ఆ ఇసుకలో పొర్లడానికి అడవిపందుల్లాంటి పెక్కరీలు వస్తున్నాయి. చిన్నరకం యాంట్‌ఈటర్ లోపల నిద్రపోతోంది. ఓసెలాట్ అనే మచ్చల పిల్లి వేటకు తొంగిచూస్తోంది. 2013లో అచ్చయిన అధ్యయనం అలా వచ్చిపోయే జంతుజాతులను 24 దాకా లెక్కపెట్టింది. ఒక జంతువు చేతి కష్టం మీద ఇన్ని ప్రాణాలు నీడ పొందుతున్నాయి!

ఆర్నో డెబియే అనే పరిశోధకుడి బృందం 2010 నుంచి పాంటనాల్‌లో వీటి వెంట తిరుగుతోంది. వాళ్లు తేల్చినవాటిలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది సంతానం లెక్క. ఆడది ఈనికకు రావడానికే ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఐదు నెలలు మోసి కనేది ఒకే పిల్లను. మళ్లీ కనేది సుమారు మూడేళ్లకు. ఈ రాత్రి ఏ లారీ కిందో ఒక తల్లి పడిందనుకోండి. ఇవాళ పుట్టిన ఆడపిల్ల ఆ తల్లి స్థానంలోకి రావాలంటే ఏడెనిమిదేళ్లు బతికి బట్టకట్టాలి. అందుకే వేట కొద్దిగానే సాగినా ఆ ప్రాంతం ఖాళీ అయిపోతుంది. మూడు తరాల్లో వీటి సంఖ్య కనీసం 30 శాతం పడిపోయి ఉంటుందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ అంచనా.

పక్కనున్న సెరాడో గడ్డిమైదానాల్లో సహజమైన పచ్చదనం దాదాపు సగం పోయింది. అక్కడ కొత్త తగవు తేనెటీగల పెంపకందారులతో. ఆర్మడిల్లో రాత్రి వచ్చి తేనెపెట్టెను నేల కూల్చి, లోపలి పురుగు పిల్లలను తినేసి పోతుంది. తెల్లారి చూస్తే పగిలిన పెట్టె, చెల్లాచెదురైన ఈగలు. ఆ పెట్టెలే బతుకుదెరువైనవాళ్లలో కొందరు కడుపుమండి విషం పెట్టారు. పరిశోధకులు వాళ్లతోనే కూర్చుని ఉపాయం వెతికారు: పెట్టెలను 1.3 మీటర్ల ఎత్తు స్టాండ్లకు ఎక్కించడం. ఆ ఎత్తు దీనికి అందదు. అలా ఆర్మడిల్లోకు హాని చేయకుండా తీసిన తేనెకు ఇప్పుడు సీసా మీద ప్రత్యేక ముద్ర పడుతోంది.